మళ్లీ గ్లాసుడు నీళ్లు తాగాను: ఈ దారి చూపించిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. చిక్కబరిచే పొడి కలపని మామూలు నీళ్లు ఒక గ్లాసు పూర్తిగా తాగగలిగిన రోజున ఈ పోస్టు రాద్దామని ఆగాను. ఆ రోజు మొన్న ఆదివారం వచ్చింది. గటగటా ఏమీ కాదు, ఒక్కో గుక్కా నోట్లో ఆపి, తల నిటారుగా పెట్టి, గట్టిగా గుటక వేసి, మళ్లీ ఇంకో గుక్క, అలా గ్లాసు అడుగు కనబడేదాకా. ఒక్కసారి కూడా పొలమారలేదు. మెడ ఆపరేషన్ అయిన 14 వారాలకి. గ్లాసు కింద పెట్టాక ఏడుపొచ్చింది, అది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు. నేను థాంక్స్ చెప్పాల్సిన వాళ్లలో ఇద్దరు తమ పేర్లు వద్దన్నారు, మిగతావాళ్లకి చదవగానే తెలిసిపోతుంది.

ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్ గారికి. నేను టీచర్ని. బోర్డు మీద రాస్తుంటే కుడి చేతిలోంచి సుద్దముక్క జారిపోయేది, రాత్రిళ్లు భుజం నుంచి బొటనవేలి దాకా కరెంటు పాకినట్టు ఉండేది. మెడలో 5-6, 6-7 ఎముకల మధ్య డిస్కులు నరాన్ని నొక్కుతున్నాయి, అవి తీసి ఎముకలు కలిసిపోయేలా ప్లేటు వేయాలి అన్నారు. వేశారు. మత్తు దిగాక చెయ్యి తేలిగ్గా ఉంది, ఆ తిమ్మిరి సగానికి సగం పోయింది. మింగడం కొన్నాళ్లు కష్టంగా ఉంటుందని ఆయన ముందే చెప్పారు కూడా, కానీ చేతి నొప్పితో ఉన్న మనిషికి ఆ మాట చెవికెక్కుతుందా? వెన్ను ఆపరేషన్‌కీ గొంతుకీ సంబంధం ఏముందిలే అనుకున్నాను.

సంబంధం ఉంది, చాలా ఉంది. ఈ ఆపరేషన్ వీపు వైపు నుంచి చేయరు, మెడ ముందు వైపు చిన్న కోత పెట్టి చేస్తారు, 1950ల నుంచి ఇదే దారి. ముందు నుంచి వెన్నుపూసని అందుకోవాలంటే మధ్యలో శ్వాసనాళం, దాని వెనక అన్నవాహిక అడ్డం ఉంటాయి. ఆ రెంటినీ ఒక పక్కకి జరిపి, ఆపరేషన్ అయ్యేదాకా అలాగే పట్టుకుని ఉంచుతారు. అన్నవాహిక అంటే గట్టి గొట్టం కాదు కదా, మెత్తటి కండ. అంతసేపు ఒత్తిడి పడితే వాస్తుంది. ఎముకకీ గొంతు వెనక గోడకీ మధ్య ఉండే మెత్తటి భాగం కూడా వాస్తుంది. ఒక డిస్కు కంటే రెండు మూడు డిస్కులు చేసినవాళ్లకి ఈ ఇబ్బంది ఎక్కువ. ఇదంతా నాకు ఆరు వారాల తర్వాత అర్థమైంది. ముందే అర్థమై ఉంటే సగం భయం తగ్గేది.

రెండోది, ఆ మొదటి రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి. అర్ధరాత్రి దాటాక మెడ బిగుసుకుపోతున్నట్టు అనిపించి, ఊరికే పిలిస్తే విసుక్కుంటారేమో అని చాలాసేపు ఆగి, చివరికి బెల్ నొక్కాను. ఆవిడ వచ్చి లైటు వేసి, మెడ కదలకుండా వేసిన కాలర్ వదులు చేసి, మెడ రెండు పక్కలా వేళ్లతో తడిమి చూశారు. నా చేత ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చెప్పించారు, మధ్యలో ఊపిరి ఆగుతోందా అని నా ఛాతీ వైపే చూస్తూ. అప్పటికప్పుడు డ్యూటీ డాక్టర్‌ని పిలిపించారు. మామూలు వాపే అని తేలింది. నేను సారీ చెప్పబోతే, "లోపల రక్తం గడ్డకట్టి శ్వాసనాళాన్ని నొక్కిందంటే నిమిషాల్లో పని అయిపోతుందమ్మా, ఇలాంటిదానికి వందసార్లు పిలిచినా నేను వస్తాను" అన్నారు. సిస్టర్, మీరు తెల్లారేదాకా గంటకోసారి వచ్చి నా చేత అంకెలు చెప్పించారు. మీ ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు సంగతి. గొంతులో వెలక్కాయ పడ్డట్టు అని మాటవరసకి అంటూ ఉంటాం. నాకు నిజంగా అలాగే, ఏదో అడ్డం పడి, పైకీ రాదు కిందకీ పోదు. మాత్ర వేసుకుంటే గొంతు మధ్యలో అతుక్కుని చేదు తెలిసేది. గట్టి తిండి కంటే నీళ్లతోనే ఎక్కువ పొలమారేది, అది నాకు వింతగా ఉండేది, నీళ్లు తేలిక కదా అని. ఒక ముద్దకి రెండు మూడు గుటకలు. చిన్న గిన్నెడు తినడానికి గంట పట్టేది, అందరూ లేచి వెళ్లిపోయాక నేనొక్కదాన్నీ. కొన్నాళ్లకి ఆకలిగా లేదని అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను. అయిదు వారాల్లో 6 కిలోలు తగ్గాను. నా గొంతు కూడా బొంగురుపోయి, పక్క గదిలోకి కూడా వినబడేది కాదు.

చెకప్‌కి వెళ్లినప్పుడు ఇదంతా చెబితే, ఆ రోజు చూసినవాళ్లు ఫిల్మ్ చూసి ప్లేటు బాగా కూర్చుంది అన్నారు, మింగడం సంగతి "అందరికీ ఉండేదే, ఇంకో నెల చూద్దాం" అని రెండు నిమిషాల్లో పంపించేశారు. అందరికీ ఉండేదే అన్న మాట అబద్ధం కాదు. చాలామందికి మొదటి వారాల్లో ఉంటుంది, చాలామందికి రెండు మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. కానీ బరువు ఎంత తగ్గానో అడగలేదు, నా చేత ఒక్క గుక్క తాగించి చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, ఇక జీవితమంతా ఇంతే కాబోలు అనుకున్నాను.

అప్పుడు ఫోన్ చేశారు మా స్కూల్లో పనిచేసే ఒకావిడ బాబాయి గారు. నేను ఆయన్ని ఇప్పటికీ చూడలేదు. ఆయనకి కొన్నేళ్ల కిందట ఇదే ఆపరేషన్ మూడు డిస్కులకి అయ్యిందట. కుశల ప్రశ్నలు ఏమీ లేవు, సూటిగా అడిగారు: "నీళ్లు తాగాక నీ గొంతు ఎలా ఉంటుందమ్మా, పొడిగా ఉంటుందా, తడిగా గురగురమంటుందా?" అలాంటి ప్రశ్న అంతకు ముందు నన్ను ఎవరూ అడగలేదు. ఫోన్ పట్టుకునే ఒక గుక్క తాగి "ఆ..." అన్నాను. ఆయన వెంటనే, "తడిగా ఉంది తల్లీ, వినబడుతోంది. నీళ్లు కొంచెం ఊపిరితిత్తుల దారి పడుతున్నాయేమో, సాయంత్రాలు జ్వరం ఏమైనా వస్తోందా? ఇంకో నెల ఆగొద్దు, మింగే పరీక్ష చేయించమని అడుగు, స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపమని అడుగు" అన్నారు. స్పీచ్ థెరపిస్ట్ అంటే నత్తి ఉన్న పిల్లలకి మాటలు నేర్పేవాళ్లు అని మాత్రమే నాకు తెలుసు. మింగడం కూడా వాళ్ల చదువులో భాగమే అని ఆయన చెబితేనే తెలిసింది. మరుసటి రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్ గారికే నేరుగా చెప్పాను, ఆయన అప్పటికప్పుడే చీటీ రాసిచ్చారు.

ఇక మా థెరపిస్ట్ అమ్మాయి. ఈ పోస్టులో సగం నీదే తల్లీ.

పరీక్ష ఇలా జరిగింది. ఎక్స్‌రే మెషిన్ ముందు కూర్చోబెట్టి, అందులో కనబడే బేరియం అనే పదార్థం కలిపినవి ఒక్కో చెంచా ఇస్తూ, మింగుతుండగా వీడియో తీశారు. మొదట పల్చటిది, తర్వాత చిక్కటిది, తర్వాత ముద్దలాంటిది. అయిపోయాక ఆ అమ్మాయి వీడియో నెమ్మదిగా తిప్పి నాకు చూపించింది. తెర మీద నల్లటి చార నాలుక వెనక నుంచి జారుతోంది. శ్వాసనాళం మీద మూతలా వాలాల్సిన చిన్న రెక్క ఒకటి ఉంటుంది, గొంతు వెనక గోడ వాపు వల్ల అది పూర్తిగా వాలడానికి చోటు చాలక మధ్యలోనే ఆగిపోతోంది. ఆ సందులోంచి పల్చటి నీళ్ల చుక్క లోపలికి జారింది. చిక్కటిది నెమ్మదిగా కదులుతుంది కాబట్టి అది సర్దుకునేలోపు దాటిపోతోంది, కాకపోతే గొంతు పక్కల కొంచెం మిగిలిపోతోంది. రెండో గుటకతో అదీ పోయింది. "చూశారా అమ్మా, మీ గొంతు చెడిపోలేదు, చోటు ఇరుకైంది అంతే" అంది. ఆ ఒక్క మాటతో ఆరు వారాల టెన్షన్ దిగిపోయింది. ఇంకోటి కూడా చెప్పింది, కొందరికి నీళ్లు దారి తప్పినా దగ్గు కూడా రాదట, అందుకే దగ్గు లేదు కదా అని ధీమాగా ఉండకూడదని.

తల కొంచెం వంచి మింగితే మేలని సాధారణంగా చెబుతారట, నాకేమో కాలర్ ఉంది, పైగా కొత్త ప్లేటు. ఆ అమ్మాయి నన్ను నువ్వే అడుగు అనకుండా, తనే డాక్టర్ గారికి ఫోన్ చేసి, తినేటప్పుడు కాలర్ తీయొచ్చా, గడ్డం ఎంత వంచొచ్చు అని నా ముందే అడిగింది. తినే ఇరవై నిమిషాలూ తీయొచ్చు, వంచడం మాత్రం ఇప్పుడే వద్దు అన్నారు. కాలర్ తీసిన మొదటి పూటే తేడా తెలిసింది. మీలో ఎవరికైనా ఇదే పరిస్థితి ఉంటే మీ డాక్టర్‌ని అడక్కుండా కాలర్ మాత్రం ముట్టుకోకండి, ఒక్కొక్కరి మెడ సంగతి ఒక్కోలా ఉంటుంది.

తర్వాత ఎనిమిది వారాలూ వారానికి రెండుసార్లు వెళ్లాను. గట్టిగా గుటక వేయడం, ఊపిరి బిగబట్టి మింగి వెంటనే చిన్నగా దగ్గి మళ్లీ మింగడం, చెంచాలో సగమే పట్టడం, తిన్నాక అరగంట దాకా పడుకోకపోవడం. తిన్న ప్రతిసారీ పళ్లు తోముకోమంది. దారి తప్పే చుక్కతో పాటు నోట్లోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి పోతేనే న్యుమోనియా భయం ఎక్కువ అని వివరంగా చెప్పింది. నేను విసిగిపోయి ఇక రానన్న రోజు, పోయిన వారం ఎన్ని చెంచాలకి దగ్గు వచ్చిందో, ఈ వారం ఎన్నింటికి వచ్చిందో తన పుస్తకంలో చూపించింది. పోయిన వారం ఇరవైలో తొమ్మిది. ఈ వారం ఇరవైలో నాలుగు. అదంతా తను రాసి పెడుతోందని కూడా నాకు తెలియదు.

మా ఆయన గురించి రాయకపోతే తప్పవుతుంది. నీళ్లు చిక్కబరచడానికి ఒక పొడి ఇస్తారు. ఎంత చిక్కగా ఉండాలో కళ్లతో చూసి చెప్పడం కష్టం, దానికి ఒక కొలత ఉంది: 10 మిల్లీలీటర్ల సిరంజి నిండా ఆ నీళ్లు పోసి, కింద వేలు అడ్డం తీసి, 10 సెకన్లు వదిలి చూడాలి, నాకు చెప్పిన రెండో స్థాయి అయితే 4 నుంచి 8 మిల్లీలీటర్ల మధ్య మిగలాలి. ఆయన రోజూ పొద్దున్నే స్టవ్ పక్కన నిలబడి, ఒక చేత్తో సిరంజి, ఇంకో చేతికి వాచీ, పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టేవారు. 3 మిగిలితే పారబోసి మళ్లీ కలిపేవారు. ఆ చిక్కటి నీళ్లతో దాహం తీరినట్టే ఉండదు, అందుకని తాగడం మానేస్తానని భయపడి, రోజుకి ఎంత తాగానో గోడకి కాగితం అంటించి గీతలు పెట్టారు. మా అక్క అయితే నాకు గంట పడుతుందని తను కూడా తన కంచంలో గంటసేపు కెలుకుతూ కూర్చునేది. ఒక్కరోజు కూడా నాకంటే ముందు లేవలేదు.

మందుల షాపాయనకి కూడా. మాత్రలన్నీ పొడి చేసేస్తున్నామని మాటల్లో తెలిసి, మందులన్నీ కౌంటర్ మీద పరిపించి, ఒకదాన్ని పక్కన పెట్టి, ఇది నెమ్మదిగా కరగాల్సిన మాత్ర, నలిపితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది అని ఆపారు. డాక్టర్‌కి చెప్పి ద్రవరూపంలో ఉండే మందుకి మార్పించారు. గొంతు డాక్టర్ గారికి కూడా, ముక్కులోంచి సన్నటి కెమెరా పెట్టి, ఒక స్వరతంత్రి బద్ధకంగా కదులుతోంది, ఆపరేషన్‌లో నరం సాగడం వల్ల, నాకు తెలిసి తిరిగి వస్తుంది అని ఓపిగ్గా చెప్పారు. వచ్చింది. ఇప్పుడు వెనక బెంచీ దాకా వినబడుతోంది, సాయంత్రానికి మాత్రం అలిసిపోతుంది.

ఈ దారిలో ఇప్పుడు ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఊపిరి అందకపోయినా, మెడ ఉన్నట్టుండి వాచినా, ఉమ్మి కూడా మింగలేకపోయినా, జ్వరంతో మెడ నొప్పి పెరిగినా ఒక్క క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. అవేవీ లేకపోయినా బరువు తగ్గుతుంటే, తాగాక గొంతు తడిగా ఉంటే మింగే పరీక్ష కావాలని నోరు తెరిచి అడగండి, ఒకసారి కాదంటే రెండోసారి అడగండి. నాకు ఇంకా పూర్తిగా తగ్గలేదు, పొడిగా ఉండే తిండి ఇప్పటికీ మధ్యలో ఆగి రెండో గుటక అడుగుతుంది. కానీ అందరితో పాటు కూర్చుని అందరితో పాటే లేస్తున్నాను.

ఆదివారం ఆ గ్లాసు పూర్తయ్యాక మొదట బాబాయి గారికే ఫోన్ చేశాను. నేను చెప్పేది ఆయన నమ్మలేదు, "ఇంకో గ్లాసు పోసుకో, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తాగు" అన్నారు. తాగాను. "ఇప్పుడు ఆ... అను" అన్నారు. అన్నాను. అవతల కొంచెంసేపు ఏమీ వినబడలేదు. "పొడిగా ఉంది తల్లీ" అన్నారు.