అమెరికా ఫలితాన్ని రాష్ట్రాల వారీగా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ దేశం మొత్తానికి సంబంధించిన శాతాలే శీర్షికలకు ఎక్కుతున్నాయి. ఫలానా అభ్యర్థి రెండు శాతం ముందున్నారని చదివిన పాఠకుడు, తీరా ఫలితం తారుమారైతే, అక్కడేదో మోసం జరిగిందనో, చిన్న రాష్ట్రాలు పెద్ద రాష్ట్రాల తీర్పును తొక్కేశాయనో అనుకుంటున్నాడు. పిల్లలు డల్లాస్‌లోనో అట్లాంటాలోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన కుటుంబాలు ఇన్ని ఉన్న గుంటూరు, విజయవాడల్లో ఈ లెక్కను కాస్త నిదానంగా చెప్పవలసిన అవసరం ఉందని ఈ లేఖ రాస్తున్నాను.

అక్కడ అధ్యక్షుణ్ని లాంఛనంగా ఎన్నుకునేది రాష్ట్రాల వారీగా నియమితులయ్యే ఎలక్టర్లు; వారి ఓట్లే ఎలక్టోరల్ ఓట్లు, అవి మొత్తం 538. ప్రతినిధుల సభలో ఒక రాష్ట్రానికి ఎన్ని స్థానాలుంటే అన్ని, సెనేటర్ల లెక్కన మరో రెండు ఆ రాష్ట్రానికి వస్తాయి. రాజధాని వాషింగ్టన్‌కు 1961 నాటి 23వ రాజ్యాంగ సవరణ వల్ల మూడు దక్కాయి. 270 వచ్చినవారు అధ్యక్షులవుతారు. ఇంతవరకు అందరూ రాస్తున్నదే. ప్రజల ఓట్లకూ ఈ ఓట్లకూ పొంతన కుదరకపోవడానికి రెండు వేర్వేరు కారణాలున్నాయన్న సంగతే మరుగున పడుతోంది. మొదటిది, రాష్ట్రానికి రెండేసి చొప్పున దక్కే ఆ కొసరు. 2020 జనగణన ప్రకారం 5.77 లక్షల జనాభా ఉన్న వయోమింగ్‌కు 3 ఓట్లు, సుమారు 3.95 కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకు 54 ఓట్లు; అంటే అక్కడ 1.9 లక్షల మందికి ఒకటైతే, ఇక్కడ 7.3 లక్షల మందికి ఒకటి. రెండోది, 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ గంపగుత్తగా ఒకరికే పోవడం.

2000లో అల్ గోర్‌కు దేశవ్యాప్తంగా సుమారు 5.4 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా, ఫ్లోరిడాను 537 ఓట్ల తేడాతో దక్కించుకున్న జార్జ్ బుష్ 271 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. బుష్ గెలిచినవి 30 రాష్ట్రాలు. గోర్ గెలిచినవి 20 రాష్ట్రాలు, రాజధాని. గెలిచిన ప్రతి రాష్ట్రానికీ, రాజధానికీ రెండేసి చొప్పున కొసరు తీసివేసి చూస్తే బుష్‌కు 211, గోర్‌కు 225 మిగులుతాయి కనుక అప్పుడు ఫలితాన్ని తిప్పింది కొసరే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. రాష్ట్రాల ఫలితాల ప్రకారం ట్రంప్‌కు 306, ఆమెకు 232 దక్కాయి. ఇక్కడా అదే తీసివేత చేస్తే 246, 190 వస్తాయి, అంటే కొసరు లేకున్నా ట్రంపే గెలిచేవారు. ఆమె ఒక్క కాలిఫోర్నియాలోనే 42 లక్షలకు పైగా ఆధిక్యం సాధించినా అందుకు దక్కినవి నాటి 55 ఓట్లే. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియాల్లో కలిపి సుమారు 78 వేల ఆధిక్యంతో ట్రంప్‌కు 46 వచ్చాయి. ప్రతి ఫలితానికీ చిన్న రాష్ట్రాల పెత్తనమే కారణమనే వ్యాఖ్యాతలు ఈ చిన్న తీసివేత ఒక్కసారి చేసి ఉండవలసింది.

గంపగుత్త వ్యవహారం మనకు వింతేమీ కాదు. విజయవాడ సెంట్రల్‌ను 2019లో తేల్చింది 25 ఓట్లు. 2024లో అదే స్థానంలో తేడా 68 వేలు దాటింది. రెండుసార్లూ దక్కింది ఒక్క సీటే. రాష్ట్రమంతటా దాదాపు 39 శాతం ఓట్లతో 2019లో తెలుగుదేశం 23 సీట్లకు, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 11 సీట్లకు పరిమితమయ్యాయి. అయితే మన రాష్ట్రపతి ఎన్నికకూ ఎలక్టోరల్ కాలేజీ ఉంది కనుక రెండూ ఒకటేనని కొందరు అనడం సరికాదు. ఇక్కడ ఎమ్మెల్యే ఓటు విలువ 1971 జనాభాను బట్టి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 159, సిక్కింలో 7. చిన్న రాష్ట్రానికి కొసరు లేదు, రాష్ట్రం ఓట్లన్నీ ఒకరికే పోవాలన్న నియమమూ లేదు. పైగా 1969లో నీలం సంజీవరెడ్డిపై వి.వి. గిరి గెలుపు రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపు దాకా వెళ్లింది.

అమెరికాలో గంపగుత్త పద్ధతి రాజ్యాంగంలో రాసి ఉన్నది కాదు. ఎలక్టర్ల నియామకం ఎలా జరగాలో ఆయా రాష్ట్రాల శాసనసభలే నిర్ణయించుకుంటాయి. మెయిన్, నెబ్రాస్కా నియోజకవర్గాల వారీగా ఓట్లను పంచుతున్నాయి. అదే పరిష్కారమని చెప్పేవారూ ఉన్నారు గానీ, 2012లో దేశమంతా ఆ పద్ధతే ఉండి ఉంటే, ప్రజల ఓట్లలో సుమారు 50 లక్షలు వెనుకబడిన రామ్నీ 274-264తో ఒబామాపై గెలిచేవారు. నేరుగా ప్రజల ఓటుతోనే ఎన్నిక జరగాలన్న రాజ్యాంగ సవరణ 1969లో ప్రతినిధుల సభలో నెగ్గి, 1970లో సెనేట్‌లో ఆగిపోయింది. దేశవ్యాప్త విజేతకే తమ ఎలక్టోరల్ ఓట్లు ఇస్తామని కొన్ని రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం, 270 ఓట్ల బలం కూడితేనే అమలవుతుంది. 2024 ఎన్నికల నాటికి ఆ బలం కూడలేదు.

కనుక 2028లో దేశవ్యాప్త శాతం ఒక్కటే వేయకుండా, దాని పక్కనే పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల పట్టికను ఆధిక్యంతోనూ ఎలక్టోరల్ ఓట్లతోనూ సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. 2020లో జార్జియా 16 ఓట్లను తేల్చింది 11,779 ఓట్ల తేడా మాత్రమే. అట్లాంటాలో ఉన్న మనవాళ్ల ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చేసరికి ఇక్కడివారికి ఆ పట్టిక చేతిలో ఉండడం మంచిది.

భవదీయుడు,
విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు