కాళ్ళ వాపులన్నీ బోదకాలు కావు

సంపాదకుల వారికి నమస్కారం.

బోదకాలు మాత్రలు పంచే సిబ్బంది మా వీధికి వచ్చినప్పుడల్లా, కొబ్బరి దింపు పని చేసుకునే మా పొరుగాయన గుర్తుకు వస్తారు. రెండు కాళ్ళూ వాచి, చీలమండల దగ్గర చర్మం నల్లబడి పుండ్లు పడితే, ఆయనతో సహా అందరం బోదకాలే అనుకున్నాం. గోదావరి జిల్లాల్లో అది పాత జబ్బు కనుక ఆ అనుమానాన్ని తప్పుపట్టలేను. తరువాత పొట్టలో నీరు చేరితే తాగుడు వల్లనేనన్నారు, కామెర్లకు పసరు కూడా పోయించారు. చివరికి, సిరల్లో రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కానింగులో తేలిందేమిటంటే, కాళ్ళ నుంచి, పొట్ట నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే అధో మహాసిరకు కాలేయం వెనుక, ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ నడుమ ఉండే కండర పొర) దగ్గర ఒక పొర అడ్డుపడింది.

కాలేయం నుంచి రక్తం బయటికి పోలేని ఇటువంటి జబ్బులను 1845లో వర్ణించిన బడ్, 1899లో వర్ణించిన కియారీ అనే వైద్యుల పేర్లతో పిలుస్తారు. ఈ పొర పుట్టుకతో వచ్చే లోపమని వైద్యులు చాలాకాలం నమ్మారు. 1992లో జపాన్ పాథాలజిస్టులు ప్రచురించిన కణజాల పరిశీలన ఆ నమ్మకాన్ని బలంగా ప్రశ్నించింది. ల్యాబులో స్లైడులు తయారుచేసి బతికినవాణ్ణి కనుక ఇది కాస్త వివరంగా చెబుతున్నాను. సిర గోడను అంటుకుని గడ్డకట్టిన రక్తంలోకి సన్నని కొత్త రక్తనాళాలు పాకుతాయి, ఆ గడ్డ క్రమంగా పీచు కణజాలంగా మారుతుంది, దాని మీద మళ్ళీ గడ్డ కడుతుంది. ఇలా కొల్లాజెన్ అనే పీచు పదార్థం పొరలు పొరలుగా పేరుకుని, అక్కడక్కడా సున్నం కూడా దిగుతుంది. అంటే చాలామందిలో ఇది మానిన గాయపు మచ్చ వంటిదే తప్ప పుట్టుమచ్చ వంటిది కాదు.

మురుగు కాలువ మొగ పూడిపోతే ఎగువ చేలు ముంపుకు గురికావడం మనకు కొత్త కాదు. కాలేయానికీ అదే గతి. రక్తం నిలిచి, అతి సన్నని రక్తమార్గాలు ఉబ్బి, కాలేయంలోని ఒక్కొక్క లోబ్యూలు (చిన్న కణాల గుంపు) నడుమ ఉన్న కణాలు ముందుగా చనిపోయి, ఆ చోట పీచు పెరిగి కాలేయం గట్టిపడుతుంది. ఏళ్ళు గడిస్తే కాలేయ క్యాన్సరు ముప్పూ ఉంటుంది. మా పొరుగాయనకు బెలూనుతో సిరను వెడల్పు చేశాక కాళ్ళ పుండ్లు మానాయి గాని, కాలేయం అప్పటికే గట్టిపడిపోయింది.

కనుక ప్రభుత్వాన్ని కోరేది ఇదే. బోదకాలు పరీక్షకు వచ్చినవారి పొట్ట, నడుము, వీపు మీద ఉబ్బిన సిరలు (మనవాళ్ళు నరాలంటారు) ఉన్నాయేమో చూడడం సిబ్బందికి నేర్పాలి. బొడ్డు కింది సిర మీద రెండు వేళ్ళు ఆనించి, ఎడంగా జరిపి, కింది వేలు ఎత్తినప్పుడు అది చప్పున నిండితే రక్తం పైకి ఎక్కుతోందని అర్థం. కాలేయం గట్టిపడ్డ మామూలు రోగుల్లో బొడ్డు కింది సిరల్లో ఆ ప్రవాహం సాధారణంగా కిందికే ఉంటుంది. ఈ చిన్న తేడా కనిపించినవారికి ఏరియా ఆసుపత్రిలోనే డాప్లర్ పరీక్ష, దాన్ని చదవగల రేడియాలజిస్టు అందుబాటులో ఉండాలి. దింపు పనికి వెళ్ళేవారు ఒక స్కానింగు కోసం కూలి వదులుకుని కాకినాడకు పదేపదే తిరగలేరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
రాజోలు