ఫోన్ పక్కన పెట్టమని ఎవరికి చెబుతున్నారు?

సంపాదకుడు గారికి,

కిందటి ఆదివారం మీ పత్రికలో ఉద్యోగుల ఒత్తిడి మీద వచ్చిన వ్యాసం నాకు మంగళవారం రాత్రి చదవడం కుదిరింది, జవాబు రాయడం ఇవాళ్టికి. గట్టిగా ఊపిరి పీల్చి వదలాలి, ఎనిమిది గంటలు నిద్రపోవాలి, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టాలి అన్నారు. బాగుంది. రాత్రి పదింటికి ఆ ఫోన్ మోగించే మేనేజరు ఏం చేయాలో మాత్రం రాయలేదు.

మా సెక్షన్‌లో నలుగురం ఉండేవాళ్లం. ఇద్దరు మానేసి ఏడాది దాటింది. వాళ్ల కుర్చీలు తీసేశారు గానీ వాళ్ల ఫైళ్లు మా బల్లల మీదకే చేరాయి. మనుషుల్ని ఇవ్వండి మహాప్రభో అంటే, 'ఇన్నాళ్లూ మీరిద్దరే లాక్కొస్తున్నారుగా' అంటారు. లాక్కురావడమే మేం చేసిన తప్పు! టార్గెట్ అందుకుంటే మెచ్చుకుంటూ ఒక మెయిల్, పెంచిన టార్గెట్‌తో వెనకే ఇంకో మెయిల్. శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే 'చిన్న పని, సోమవారం పొద్దున్నకి చాలు' అని మెసేజ్. ఆ మధ్య ఒత్తిడి తగ్గిస్తామంటూ ధ్యానం క్లాసు పెట్టారు, అదీ భోజనాల వేళ. హాజరు తప్పనిసరి. నా పక్కాయన గురక పెట్టాడు, పాపం.

పని ఒత్తిడికి మనిషి పూర్తిగా డస్సిపోవడాన్ని బర్నవుట్ అంటారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ బర్నవుట్‌ని జబ్బు అనలేదు. పనిచేసే చోట ఒత్తిడిని సరిగా అదుపు చేయకపోతే వచ్చేదని చెప్పింది. అంటే వైద్యం ఆఫీసుకి కదా చేయాల్సింది? వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి తేల్చింది కూడా ఆ సంస్థే. మా గంటలు లెక్కపెట్టుకోవాలంటే నాకు భయం. రిజిస్టర్‌లో మాత్రం అందరివీ ఎనిమిదే! తనిఖీకి వచ్చే అధికారులు ఆ రిజిస్టరే తిరగేసి, మర్యాదలు అందుకుని, సంతకం పెట్టి వెళ్తారు. ఒక్కసారి రాత్రి తొమ్మిదింటికి వచ్చి మా అంతస్తులో లైట్లు చూస్తే చాలదా? రోజుకి 8 గంటలు, వారానికి 48 అని 1919లోనే దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పుడు టైముకి లేస్తే 'ఏంటి, ఇవాళ హాఫ్ డేనా?' అని వెటకారం.

మిమ్మల్నీ ఒక మాట అనక తప్పదు. ఆ వ్యాసం వచ్చిన రోజే లోపలి పేజీలో ఒక ఉద్యోగ ప్రకటన: 'తీవ్రమైన ఒత్తిడిలో పనిచేయగలవారికి ప్రాధాన్యం.' ఒకప్పుడు పని తెలిసినవారు కావలెను అని వేసేవారు.

ఆ నిపుణులనే ఈసారి మేనేజర్లకు వ్యాసం రాయమనండి. ఎంత పనికి ఎంతమంది కావాలో లెక్క కట్టడంతో మొదలుపెట్టమనండి. ఆదివారం మాత్రం వేయకండి. ఆ రోజు మాకు ఆఫీసు ఉంటుంది.

– ఒక ఉద్యోగి
(పేరు వేయవద్దని మనవి)