చెప్పింది 1200, వచ్చింది 350: 2 హెచ్‌పీ డస్ట్ కలెక్టర్‌పై ఫిర్యాదు

విజయవాడ,
ఆగస్టు 18.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: జూన్ 6న మీరు పంపిన డస్ట్ కలెక్టర్‌ను వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలని కోరుతూ.

అయ్యా,

భవానీపురంలో మా ఇంటిని ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. సెలవు రోజుల్లో అందులో చెక్కపని చేసుకుంటాను. 10 అంగుళాల టేబుల్ సా (బల్ల రంపం), చెక్కను చిత్రిక పట్టే 13 అంగుళాల ప్లేనర్, అంచులు, గాడులు తీసే ఒక రౌటర్ టేబుల్, చేత్తో పట్టుకుని చెక్కను నునుపు చేసే సాండర్ ఉన్నాయి. ఎక్కువగా టేకు, అప్పుడప్పుడు ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) వాడతాను. షెడ్డు తలుపు తీస్తే వరండా. ఆ వరండాలోనే మా నాన్నగారి మంచం. ఆయన 40 ఏళ్లు వడ్రంగం చేశారు. ఇప్పుడు 74 ఏళ్లు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. దుమ్ము దగ్గర ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అయినా రంపం చప్పుడు వినపడితే ఆయన లోపల కూర్చోరు, తలుపు దగ్గరకు వచ్చి చూస్తూ ఉంటారు. నేను డస్ట్ కలెక్టర్ కొన్నది ఆయన కోసమే. ఈ సంగతంతా కొనకముందే మీ సేల్స్ ప్రతినిధికి ఫోన్లో చెప్పాను.

అప్పటికి నా మనసులో రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, మంచి వర్క్‌షాప్ వాక్యూమ్ కొని, దానికి ముందు సైక్లోన్ డబ్బా (గాలిని సుడి తిప్పి పొట్టును ముందే కింద పడేసేది) పెట్టుకోవడం. రెండోది, మీ దగ్గరున్న బ్యాగు తరహా యంత్రం, అంటే దుమ్ముతో పీల్చిన గాలిని గుడ్డ బ్యాగులోంచి వడకట్టి మళ్లీ బయటికి వదిలేది. మీ ప్రతినిధి మొదటిదాన్ని కొట్టిపారేశారు. "1200 సీఎఫ్‌ఎం అండీ, 4 అంగుళాల పైపు వేసుకుంటే మూడు మెషిన్లూ ఒకేసారి నడుపుకోవచ్చు" అన్నారు. సీఎఫ్‌ఎం అంటే యంత్రం నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి లాగుతుందో ఆ లెక్క. బ్యాగు సంగతి రెండుసార్లు అడిగాను. "ఫైన్ ఫిల్టరే సార్, పొడి బయటికి రాదు" అన్నారు. ఆ మాట నమ్మి 36,800 రూపాయలు కట్టాను. పైపులు, మూతలు, ఆటోనగర్‌లో చేయించిన రేకు జాయింట్లు కలిపి మరో 6,000 అయ్యింది.

ఉన్నమాట చెప్పాలి. ప్లేనర్ కిందనుంచి వచ్చే పెద్ద పొట్టును మీ యంత్రం బాగానే లాగుతుంది. కానీ ఆ పొట్టును చీపురుతో ఊడ్చుకున్నా సరిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయేది కంటికి కనపడని పొడి. 10 మైక్రాన్లు, అంతకన్నా సన్నటిది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మీరు పంపిన బ్యాగు కుట్టు లోపలివైపు చిన్న చీటీ మీద అది ఆపగల పొడి సైజు 30 మైక్రాన్లు అని రాసి ఉంది. అంటే ఏ పొడినైతే ఆపాలో ఆ పొడినే అది వదిలేస్తోంది. షెడ్డులో ఒక మూలన నేల మీద ఉండేదాన్ని తీసుకొచ్చి మనిషి ముఖం ఎత్తున గాలిలోకి చిమ్ముతోంది. ఇంతకంటే యంత్రం లేకపోవడమే నయం.

ఇది ఊహించి రాయడం లేదు. జూన్ 15 రాత్రి టేబుల్ సా మీద నాలుగు టేకు పలకలు కోసి, లైట్లార్పి, బ్యాగు పక్కన టార్చి వేసి చూశాను. వెలుతురులో పొడి మంచులా తేలుతూ కనిపించింది. అరగంటైనా దిగలేదు. తెల్లారి చూస్తే నాన్నగారి మంచం మీద దుప్పటి పసుపు రంగుకు తిరిగింది. ఆ వీడియో మీకు పంపాను.

తర్వాత గాలి సంగతి. ఏసీ డక్టుల పని చేసే మిత్రుడి దగ్గర గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ తెచ్చి పైపు చివర కొలిచాను. కొత్త బ్యాగుతో గాలి వేగం సెకనుకు 21 మీటర్లు. 4 అంగుళాల పైపుకు లెక్క కడితే సుమారు 350 సీఎఫ్‌ఎం. మీరు చెప్పిన 1200 ఎక్కడ? ఆ అంకె బ్యాగు లేకుండా, పైపు లేకుండా, ఫ్యాను ఒక్కటీ ఖాళీగా తిరిగినప్పటిదని ఇప్పుడు తెలిసింది. అసలు ఇలాంటి యంత్రానికి 4 అంగుళాల పైపు తగిలిస్తే మోటారు ఎంత పెద్దదైనా 400కి అటూ ఇటూగానే గాలి వస్తుంది. టేబుల్ సా ఒక్కదానికే కనీసం 350 కావాలి. మూడు మెషిన్లూ ఒకేసారి తెరిస్తే ఏ ఒక్కదానికీ చాలదు. మీరు ఇచ్చిన మడతల గొట్టం ఇంకా అన్యాయం. నున్నటి పీవీసీ పైపులో కంటే అందులో గాలికి అడ్డు చాలా ఎక్కువ.

ఇంకొకటి కూడా గమనించాను. మీ వెబ్‌సైట్లో ఫ్యాను వేగం 3450 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అని ఉంది. ఇలాంటి మోటారు వేగం కరెంటు హెర్ట్జ్‌ను బట్టి ఉంటుంది, అది 60 హెర్ట్జ్ కరెంటు ఉండే దేశాల లెక్క. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. మీరు పంపిన మోటారు ప్లేటు మీద 2850 అనే ఉంది. వేగం ఎంత తగ్గితే గాలి అంత తగ్గుతుంది కాబట్టి, మీ 1200 అనే అంకె నిజమే అనుకున్నా, ఇక్కడికి వచ్చేసరికి అది 990. విజయవాడలో అమ్మే సరుకుకు వేరే దేశపు అంకె వేసి అమ్మడం పొరపాటు అనుకోవాలా?

జూన్ 19న మొదటి ఫిర్యాదు పంపాను. తొమ్మిది రోజులకు "మాస్క్ పెట్టుకుని పని చేయండి" అని జవాబిచ్చారు. మాస్క్ నేను పెట్టుకుంటాను. వరండాలో ఆయాసపడే మనిషికి 24 గంటలూ మాస్క్ పెట్టమంటారా? జులై 3న మళ్లీ రాస్తే, కొన్నాళ్లు వాడాక బ్యాగు రంధ్రాలు పూడుకుని సన్నటి పొడి కూడా ఆగుతుందన్నారు. అందులో కొంత నిజం ఉంది, కాదనను. కానీ అలా పూడుకున్నాక మళ్లీ కొలిస్తే సెకనుకు 15 మీటర్లు, అంటే 250 సీఎఫ్‌ఎం మాత్రమే వచ్చింది. రంపం కింద పొడి రంపం కిందే మిగిలిపోతోంది. పొడి ఆగాలంటే గాలి తగ్గిపోతుంది, గాలి కావాలంటే పొడిని వదిలేయాలి. ఈ బ్యాగుతో రెండూ కుదరవు. జులై 21న పంపిన మూడో ఉత్తరానికి ఈరోజు వరకు జవాబు లేదు.

నా షెడ్డు కొలతలు విన్న రోజున మీ ప్రతినిధి చెప్పాల్సింది వేరు. ఒకసారికి ఒకే మెషిన్, మిగతా పైపులకు మూతలు, 1 మైక్రాను వరకు ఆపే కార్ట్రిడ్జ్ ఫిల్టర్, వీలైనంత పొట్టి గొట్టం. సాండర్ మూతి అంగుళంన్నరే కాబట్టి దానికి వాక్యూమే కావాలి, మీ యంత్రం అక్కడ పనికిరాదు. యంత్రాన్ని షెడ్డు బయట పెట్టమని కూడా మీరు తర్వాత సలహా ఇచ్చారు. మాకూ పక్కింటి గోడకూ మధ్య మూడడుగులే. మా ఇంటి దుమ్ము వాళ్ల వంటగదిలోకి ఎలా వదలను?

కొయ్య పొడి మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. దుమ్ము పట్టే యంత్రాలు అమ్మే మీకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో యంత్రాన్ని మీ ఖర్చుతో తీసుకెళ్లి 36,800 రూపాయలు వాపసు ఇవ్వండి. పైపుల డబ్బు అడగను, అవి నాకు పనికొస్తాయి. మీ పేజీలో 50 హెర్ట్జ్ అంకెలు, బ్యాగు మైక్రాన్లు, పైపు తగిలించాక వచ్చే గాలి ఎంతో స్పష్టంగా వేయండి. ఇది నాకు డబ్బు కంటే ముఖ్యం. నాలాగా ఇంట్లో పెద్దవాళ్లనో చిన్నపిల్లలనో పెట్టుకుని కొనేవాళ్లు ఇంకా ఉంటారు.

ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. రెండు గడువులూ దాటాయి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. బిల్లు, బ్యాగు చీటీ ఫొటో, మోటారు ప్లేటు ఫొటో, గాలి కొలిచిన వీడియోలు దీంతో జత చేశాను.

యంత్రాన్ని విప్పి, మీరు పంపిన పెట్టెలోనే సర్ది ఉంచాను. ఆదివారాల్లో ఇప్పుడు చేతి రంపంతోనే కోస్తున్నాను. మీ మనిషి ఏ రోజు వస్తారో ముందుగా ఫోన్ చేస్తే ఇంట్లో ఉంటాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
భవానీపురం, విజయవాడ.