సేవా విభాగం వార్షిక నివేదిక – 2025: ఆశ్రయం కోరి నిర్బంధంలో ఉన్నవారికి తోడుగా

సభ్యులందరికీ నమస్కారం.

పండుగలు, ఆటపాటల వివరాలు సాంస్కృతిక విభాగం వారు రాశారు కాబట్టి నేరుగా మా పనిలోకి వస్తాను. ఈ ఏడాది మా సమయమంతా దాదాపు లంప్కిన్‌కే సరిపోయింది. అట్లాంటా నుంచి కారులో రెండున్నర గంటల దారి. అక్కడి స్టూవర్ట్ ఇమిగ్రేషన్ నిర్బంధ కేంద్రంలో, ఆశ్రయం కోరి వచ్చినవాళ్లలో చాలామంది కేసు తేలేదాకా నెలల తరబడి ఉండాల్సి వస్తుంది. మేం కలిసినవాళ్లలో తెలుగువాళ్లు కొద్దిమందే. గుజరాతీలు, పంజాబీలే ఎక్కువ.

"మనవాళ్లు కానివాళ్లకి మన డబ్బెందుకండీ?" అని సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. 2019 జనవరిలో, ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ కేసులో మన పిల్లల్ని పట్టుకున్నప్పుడు తెలుగు సంఘాలన్నీ లాయర్ల కోసం పరుగులు పెట్టాయి. అప్పుడు నేర్చుకున్న పని ఇంకొకరికి అక్కరకొస్తుంటే ఊరూ పేరూ అడుగుతూ కూర్చోవడం బాగుండదని కార్యవర్గం అనుకుంది. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, చందా మాత్రం ఇచ్చారు!

ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం ఖర్చుతో లాయర్ని ఇవ్వరు. ఇంగ్లీషులో లేని ప్రతి కాగితానికీ అనువాదం, దాని కింద అనువాదకుడి ధ్రువీకరణ సంతకం ఉండాలి. చేతిరాత ఎఫ్‌ఐఆర్‌లు, ఊరి నుంచి తల్లులు పంపిన ఉత్తరాలు, ఆసుపత్రి చీటీలు మన సభ్యులు రాత్రిళ్లు కూర్చుని ఇంగ్లీషులోకి మార్చారు. పంజాబీ కాగితాలకు గురుద్వారా వాళ్లు చేయి వేశారు. నా లెక్కలో ఈ ఏడాది మనం చేసిన అసలైన సాయం ఇదే.

ఇక బాండ్ నిధి సంగతి. బాండ్ అంటే కేసు తేలేదాకా బయట ఉండనివ్వడానికి కట్టే పూచీ డబ్బు. కనీస బాండే 1,500 డాలర్లు, సాధారణంగా అంతకంటే చాలా ఎక్కువ వేస్తారు. సెప్టెంబరులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఇచ్చిన తీర్పు ప్రకారం, తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు బాండ్ ఇచ్చే అధికారం ఇమిగ్రేషన్ జడ్జీలకు లేదు. దాంతో లాయర్లు ఫెడరల్ కోర్టుల్లో హెబియస్ కార్పస్ పిటిషన్లు (ఈ నిర్బంధం చట్టబద్ధమేనా అని ప్రశ్నించేవి) వేయడం మొదలుపెట్టారు. మిగిలిన బాండ్ నిధిని దాతల అనుమతితోనే ఆ ఫీజులకు మళ్లించాం. పద్దులు కోశాధికారి గారు విడిగా పంపుతారు.

ములాఖత్ అద్దానికి అటూ ఇటూ కూర్చుని ఫోనులోనే. ఒక కుర్రాడు కేసు గురించి ఒక్క ముక్క అడగలేదు, "అక్కా, ఏకాదశి ఎప్పుడు?" అన్నాడు. ఉపవాసం ఉంటాడట, లోపల తిథులు తెలియవు. గుడి పూజారి గారు ఏడాది తిథులన్నీ ఒక కాగితం మీద రాసిస్తే పోస్టులో పంపాం. శాకాహారం కావాలంటే అక్కడ మతపరమైన అవసరాలు చూసే చాప్లిన్‌కు రాతపూర్వకంగా అడగాలని కూడా అతనికి చెప్పాం.

గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి కాబట్టి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న సభ్యులకు టెన్షన్ సహజం. అందుకే పౌరసత్వం ఉన్నవాళ్లు ములాఖత్‌లకు వెళ్లారు, మిగతావాళ్లు ఇంటి నుంచి అనువాదాలు చేశారు. దూరం నుంచి వచ్చే కుటుంబాలను 2010 నుంచి లంప్కిన్‌లో పనిచేస్తున్న ఎల్ రెఫుజియో అనే స్వచ్ఛంద సంస్థ వారి దగ్గరికి పంపాం. బస ఉచితం, భోజనం పెడతారు.

ఒక మనవి. ఆశ్రయం కేసుల వివరాలు గోప్యం. పేర్లు, ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, స్వదేశంలో ఉన్న వాళ్ల కుటుంబాలకు ముప్పు.

వచ్చే ఏడాదికి గుజరాతీ చదవగలిగినవాళ్లు, వారం మధ్యలో కారు నడపగలిగినవాళ్లు కావాలి. పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి.