వల కట్టి చూపిస్తేనే వాదన నిలుస్తుంది

సంపాదకులకు నమస్కారం.

పురుగుమందుల వాడకం తగ్గించాలంటూ మీ పత్రికలో ఈమధ్య వస్తున్న వ్యాసాలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా వాటిలో చూపిస్తున్న రుజువుతోనే. పక్షులు, సాలీళ్లు ఎక్కువున్న పొలాల్లో చీడ తక్కువ కాబట్టి పంటను కాపాడుతున్నది అవేనని తేల్చేస్తున్నారు. మందులు అమ్ముకునేవాళ్లు దీన్ని ఒక్క ప్రశ్నతో కొట్టిపారేస్తారు. ఆ పొలంలో వేసిన విత్తనం రకమే వేరేమో? పైగా పురుగు ఎక్కడుంటే పిట్ట తిండికి అక్కడికే పోతుంది. అలాంటి పొలాన్ని లెక్కేస్తే, ఇదే తర్కంతో పిట్టల వల్లే పురుగు పెరిగిందని కూడా అనొచ్చు!

ఈ వాదనకు బలం రావాలంటే కాపలా కాసే జీవిని కొన్ని మొక్కల దగ్గర లేకుండా చేసి, పక్క మొక్కలతో పోల్చి చూడాలి. 1960లలో డేనియల్ జాంజెన్ అనే శాస్త్రవేత్త మెక్సికోలో ఒక తుమ్మ జాతి మీద ఈ పనే చేశారు. ఆ చెట్ల బోలు ముళ్లలో చీమలు కాపురముంటాయి. ఆకు చివర్లలో చెట్టు సిద్ధం చేసే తిండే తింటాయి. ఆకు మీద ఏ పురుగు వాలినా గుంపుగా మీద పడతాయి. అయితే బాగున్న చెట్లనే చీమలు ఎంచుకుంటున్నాయేమోనన్న అనుమానం ఉండనే ఉంటుంది. జాంజెన్ కొన్ని చెట్ల మీద చీమలు లేకుండా చేస్తే వాటిని పురుగులు తినేశాయి, తీగలు కమ్మేశాయి. అనుమానం తీరిపోయింది.

ఏ జీవికి ఎంత క్రెడిట్ ఇవ్వాలో కూడా ఇలాగే తేలుతుంది. పనామా అడవిలో కొన్ని మొక్కలకు పగలు మాత్రమే, మరికొన్నిటికి రాత్రి మాత్రమే వల కప్పారు. పురుగులు దూరగలవు, పక్షులూ గబ్బిలాలూ దూరలేవు. 2008లో వెలువడిన ఆ ఫలితాల్లో, రాత్రి వల కప్పిన మొక్కల ఆకులకే నష్టం ఎక్కువ. పగలు కనిపించే పిట్టకే మార్కులన్నీ వేస్తున్నాం, గబ్బిలాన్ని తలిచేవాళ్లేరీ?

కాలిఫోర్నియాలో ఈ ప్రయోగం అనుకోకుండా జరిగింది. నారింజ తోటలను పీల్చేస్తున్న పొలుసు పురుగును, 1888-89లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన వెడాలియా అనే అక్షింతల పురుగు అణిచేసింది. 1940లలో డీడీటీ కొట్టేసరికి అక్షింతల పురుగులు చచ్చాయి, పొలుసు పురుగు మళ్లీ విరుచుకుపడింది.

పురుగుల్ని తింటుంది కాబట్టి పంటను కాపాడుతుందని అనుకోవడమూ ప్రమాదమే. చెరకు పురుగుల కోసం 1935లో ఆస్ట్రేలియాకు తెచ్చిన కేన్ టోడ్ కప్పలు ఆ పురుగుల్ని అదుపు చేయలేదు సరికదా, తామే పెద్ద బెడదై కూర్చున్నాయి. పక్షులు కూడా చీడతో పాటు సాలీళ్లనూ తింటాయి.

అందుకే మందు మానేయమని రైతుకు చెప్పే ముందు పరిశోధన కేంద్రాలు వల కట్టిన మడి, కట్టని మడి పక్కపక్కనే పెట్టాలి. తేడా వల నీడ వల్ల వచ్చిందనకుండా, ఒక పక్క తెరిచి ఉంచిన వలతో మూడో మడి కూడా ఉంటే మరీ మంచిది. ఆకు నష్టం ఒక్కటే చెప్పి ఊరుకుంటే చాలదు, దిగుబడి ఎంతో కూడా ప్రకటించాలి. ప్రకటించకపోతే మీ విలేకరులు ఆ అంకె అడిగి మరీ రాయాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు