పరీక్ష ఉండనివ్వండి, శిక్ష తీసేయండి

సంపాదకుల గారికి,

అమెరికా విద్యాశాఖను మూసేసి బడుల సంగతి రాష్ట్రాలకే వదిలేస్తే మేలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ దిశగా చర్యలు మొదలుపెట్టమని ట్రంప్ 2025 మార్చిలో ఆదేశం ఇచ్చినప్పటి నుంచి ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇదే చర్చ. వాషింగ్టన్ పెత్తనం పోతే పరీక్షల గోల కూడా పోతుందని చాలామంది సంబరం. నాకైతే భయంగా ఉంది.

2002లో బుష్ సంతకం చేసిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా, హైస్కూల్లో ఒకసారి, రీడింగ్‌లోనూ లెక్కల్లోనూ పరీక్ష తప్పనిసరి చేసింది. అందులో ఒక మంచి ఉంది. అప్పటిదాకా చాలా చోట్ల బడి సగటు బాగుంటే చాలు, లోపల ఎవరు వెనకబడ్డారో అడిగేవారు లేరు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, ఇంగ్లిషు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, వీళ్లందరి ఫలితాలూ విడివిడిగా చెప్పి తీరాలంది ఆ చట్టం.

దాన్ని చెడగొట్టింది వెంట తగిలించిన శిక్షలు. 2014 కల్లా నూటికి నూరుమందీ గట్టెక్కాలన్నారు! మన జిల్లాల్లో పదో తరగతి ఫలితాల కోసం హెడ్మాస్టర్లు పడే అవస్థ చూసినవాళ్లకు తర్వాత కథ చెప్పక్కర్లేదు. కొన్ని రాష్ట్రాలు పాసు గీతనే కిందికి దించుకున్నాయి. నాలుగు మార్కులు కలిస్తే గీత దాటే పిల్లల మీదే ధ్యాస పెట్టి, బాగా వెనకబడ్డవాణ్ని వదిలేసిన బడులున్నాయి. అట్లాంటాలో టీచర్లే జవాబులు చెరిపి దిద్దారు. 2011 విచారణలో 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పాత్ర బయటపడింది. మాఫియా ముఠాలను పట్టుకోవడానికి చేసిన చట్టం కింద 2015లో 11 మందిని దోషులుగా తేల్చారు.

అదే ఏడాది వచ్చిన కొత్త చట్టం పరీక్షలను ఉంచి, చర్యల సంగతి చాలావరకు రాష్ట్రాలకు అప్పగించింది. అయినా టెన్షన్ తగ్గలేదు. టెక్సాస్‌లో బడులకు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తారు. మనవాళ్లు ఇల్లు కొనేదీ ఆ గ్రేడు చూసే. (దాచడమెందుకు, మేమూ అంతే.) మా పాప మూడో తరగతి ఫలితం బడి మూసేశాక జూన్‌లో వచ్చింది. దాన్ని చూసి ఏమైనా చేయగల టీచరు అప్పటికే సెలవుల్లో ఉన్నారు.

శిక్ష లేని పరీక్ష కూడా ఒకటుంది, నేప్. దేశమంతటా కొందరు పిల్లల్నే ఎంచి పెడతారు, పిల్లవాడికీ బడికీ మార్కు రాదు, అందుకే దానికి ఎవరూ కోచింగ్ ఇవ్వరు. ఎనిమిదో తరగతిలో మూడింట ఒక వంతు పిల్లలు రీడింగ్‌లో కనీస స్థాయి కూడా అందుకోలేదని తేల్చింది 2024లో పెట్టిన ఆ పరీక్షే.

తక్కువ వచ్చిన బడికి ఎఫ్ బదులు అదనంగా ఒక రీడింగ్ టీచరును పంపండి. ఆ పని వాషింగ్టన్ చేసినా, టెక్సాస్ రాజధాని ఆస్టిన్ చేసినా నాకు ఒకటే. అంకెలు దాచుకునే వీలు మాత్రం ఆస్టిన్‌కు ఇవ్వొద్దు.

– ఒక పాఠకురాలు, డాలస్